దివాలా దరఖాస్తులో నీ గడి

లలితా,

నీవు వెళ్లి నేటికి ఏడాది. నీ వైద్యానికి నా క్రెడిట్ కార్డులూ, తన గుండె ఆపరేషనుకు నీ తమ్ముడు నరసింహం కార్డులూ నిండిపోయాయి. దివాలా దరఖాస్తుతో మాఫీ దొరకునేమోనని ఈ ఉదయం ఇద్దరమూ ఫ్రిస్కోలో లాయరమ్మాయిని కలిశాము. శారద కూడా భర్తకు తోడుగా కాక, కాపలాగా వచ్చింది.

"ఆంటీ ఫైల్ చేయకపోయినా, ఒకే ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఆంటీ శాలరీ కూడా కలపాలి అంకుల్. కలిపితే లిమిట్ దాటేస్తున్నారు," అన్నదామె నరసింహంతో.

"అప్పు చేసేటప్పుడు నన్నడిగారా? ఇప్పుడు నా జీతం అడ్డొచ్చిందా!" అని శారద అతణ్ణి మోచేత్తో పొడిచింది.

నాది ఒక్కడి ఆదాయమే గనుక నాకు అర్హత ఉన్నదట.

"నీ పని హాయి బావా!" అన్నాడు నరసింహం.

ధర్మమందూ అర్థమందూ విడువనని పెండ్లినాడు చేసిన ప్రమాణాన్ని ఈ దేశపు చట్టం వారికింకా వర్తింపజేస్తున్నది. అసూయ తగదని ఎన్ని శ్లోకాలు చదివినా కళ్లు మండాయి. భార్య ఆదాయపు గడిలో ఆ అమ్మాయి సున్న వేసింది. పక్కనున్న కాపెల్ ఊరి పిల్లలకు సంగీతం చెప్పి నీవు తెచ్చే డబ్బు అందులో చేరి, నా అర్హత కూడా పోయి ఉంటే ఎంత బాగుండును!

తిరుగు దారంతా ఆలుమగలు ఆ జీతం గురించే పోట్లాడుకున్నారు. నేను వెనుక సీటులో ఒక్కణ్ణే కూర్చున్నాను.

నీ
విశ్వనాథం