మెట్లూ బరువూ

జూన్ 3

ఫెయిల్.

పాప పుట్టాక ఫైర్ స్టేషన్‌లో మళ్లీ బండెక్కాలంటే ఫిట్‌నెస్ టెస్ట్ పాసవ్వాలి. పైపు చుట్ట భుజాన వేసుకుని ట్రైనింగ్ టవర్ ఎక్కి దిగాలి. ఊపిరి తిప్పుకోకుండానే మనిషంత బరువున్న బొమ్మను గీత దాకా ఈడ్చాలి. టవర్ అవలీలగా ఎక్కేశాను. ఇన్నాళ్లూ పరుగు మానలేదు మరి. బొమ్మ దగ్గరికొచ్చేసరికి చేతులు చచ్చుబడ్డాయి. సగంలో కూలబడ్డాను.

ఆఫీసర్ మెత్తగానే మాట్లాడాడు. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు చూసుకోమ్మా, పసిపిల్ల తల్లివి, నీకెందుకీ తిప్పలు అన్నాడు. తిట్టినా బాగుండేది. ఇంకో ఛాన్స్ అడిగాను. ఆగస్టులో, అదే ఆఖరిది అన్నాడు.

జూన్ 4, ఉదయం 5.30

ఫోన్లు ఎత్తను.

జూన్ 8

మా బండి డ్రైవర్‌ని కండలు చూసి అందరూ ఉక్కన్న అంటారు. పరుగు కండ తినేస్తుంది, మానెయ్ చెల్లెమ్మా అన్నాడు. ఇంటికొస్తే మా ఆయన, స్కూల్లో ఆటల మాస్టారు, బరువులెత్తితే ఒళ్లు బిగుసుకుపోయి మెట్ల మీద ఆయాసపడతావన్నాడు. అత్తయ్య రెండూ వద్దంది. మనుషులు ముగ్గురు, సిద్ధాంతాలు మూడు. నొప్పులు మాత్రం నాకొక్కదానికే.

జూలై 1

ఉక్కన్న మాట విని పరుగు మానేసి చూశాను. బరువులు బాగా లేస్తున్నాయి. కానీ పాపను ఎత్తుకుని ఇంటి మెట్లెక్కేసరికి రొప్పు. ఒకటొస్తే ఒకటి పోతోంది.

ఒళ్లు మండింది. మంటకి ఈరోజు కాళ్లు, రేపు చేతులు అని టైమ్‌టేబుల్ ఉంటుందా? రెండూ ఒకేసారి అడుగుతుంది. అందుకే రెండూ చేస్తాను. ముందు బరువులు, వెంటనే మెట్లు. మర్నాడు తేలిక పరుగు. ఎవరినీ అడగను.

జూలై 9

టవర్ పైన వాంతి. కడిగేసి మళ్లీ ఎక్కాను.

జూలై 10

ఈరోజు ఏమీ చెయ్యలేదు. అత్తయ్య పాపను లాక్కుని నన్ను పడుకోమంది. తనే గెలిచాననుకుంది కాబోలు. నిద్ర కూడా ట్రైనింగే అత్తయ్యా అన్నాను. నోటికేం తక్కువ లేదంది.

జూలై 26

ఇసుక బస్తాతో మెట్లెక్కి దిగాను. దిగాక కూడా మాట్లాడగలిగాను! ఉక్కన్న తన వల్లే అంటాడు. మా ఆయన తన వల్లే అంటాడు. ఇద్దరూ స్టేషన్‌లో బండి షెడ్డు ముందు వాదించుకుంటుంటే నేను ఇంకో రౌండ్ వేసొచ్చాను.

ఆగస్టు 18

టవర్ అయింది. బొమ్మను లాగుతుంటే సగంలో, సరిగ్గా అక్కడే, పట్టు జారింది. ఆఫీసర్ పెన్ను తీశాడు. అయిపోలేదు సార్ అని అరిచాను. సర్వీసులో ఆయన మీద అరవడం ఇదే మొదలు. వంగి, బొమ్మ చంకల కింద చేతులు దూర్చి, ఛాతీకి అదుముకుని వెనక్కి నడిచాను. గీత దాటాను. ఆగలేదు. గోడ వీపుకి తగిలేదాకా లాగాను. ఇక వదిలెయ్యమ్మా, పాసయ్యావు అంటున్నాడు ఆఫీసర్. వదలబుద్ధి కాలేదు.

ఆగస్టు 30

అపార్ట్‌మెంట్, పై అంతస్తు, పొగ. నడవలేని పెద్దావిడను ఎత్తుకుని దిగాను. చెప్పులు వేసుకోనివ్వలేదని దారంతా చెవిలో తిడుతూనే ఉంది. ఆ తిట్లు ఆగిపోకూడదని మెట్టుమెట్టుకీ మొక్కుకున్నాను.

ఆగలేదు.