చేసినచో దాచరాదు

ఫిబ్రవరి 3
వయొలిన్లు బాగుచేసే వాల్టర్ దగ్గర శిష్యురాలిగా సంతకం పెట్టేశాను. వాల్టర్ ముత్తాత పద్నాలుగేళ్ళప్పుడు వయొలిన్ పని నేర్చుకోవడానికి రాసిచ్చిన కాగితం షాపు గోడ మీద ఫ్రేమ్‌లో ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దపు షరతులు — ఏడేళ్ళు వదిలిపోరాదు, గురువు రహస్యాలు బయటపెట్టరాదు, గురువు వస్తువు పాడుచేయరాదు, చేసినచో దాచరాదు. అవే నాకూ రాశాడు వాల్టర్, రెండేళ్ళకి. సరదాకే అన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు.
“టెస్టింగ్ జాబ్ వదిలేసి ఇదా? ఏ కాలంలో ఉన్నావే నువ్వు” — రవి. మొగుడుగారి దీవెన.

ఫిబ్రవరి 11
నా బుద్ధి గడ్డి తింది. వాల్టర్ డెంటిస్ట్‌కి వెళ్ళాడు. పొద్దున తను సగం ఊడదీసిన వయొలిన్ పైచెక్క బల్ల మీదే ఉంది. “నేనొచ్చేదాకా ముట్టుకోకు” అన్నాడు. ముట్టుకున్నాను. మిగతా సగం ఊడదీద్దామని కత్తి దూర్చాను. టక్‌మంది. అంచు నించి లోపలికి వెంట్రుకంత పగులు...
గుడ్డ కప్పేశాను.

ఫిబ్రవరి 12
చెప్పలేదు.

ఫిబ్రవరి 13
చూశాడు. నన్నేం అడగలేదు. తన చేతులే తిప్పి తిప్పి చూసుకున్నాడు. క్రిస్మస్ నించీ వణుకుతున్నాయి ఆ చేతులు. కస్టమర్‌కి ఫోన్ — “మై హ్యాండ్స్ డిడ్ ఇట్.”
పక్కనే జిగురు కలుపుతున్నా. కలుపుతూనే ఉన్నా. ఛీ.

ఫిబ్రవరి 14
చెబితే పొమ్మంటాడు. మళ్ళీ ఆ లాప్‌టాప్ ముందు కూర్చోవాలి... భయం.

ఫిబ్రవరి 16
ధైర్యం చేశాను. “వాల్టర్, ఐ హావ్ ఎ డౌట్.” స్కూల్లో చెయ్యెత్తినప్పటి నించీ నోటికి అలవాటైన మాట. ఏం మొదలుపెట్టాలన్నా అదే వస్తుంది.
కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చేతుల కేసి చూసుకుని, “యూ టూ?” లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.
రవికి వెంటనే అర్థమైంది. “ఇక్కడివాళ్ళకి డౌట్ అంటే అడిగే సందేహం కాదే, నమ్మలేని అనుమానం.” నేను ఆయన చేతుల్ని అనుమానించానట. నేను.

ఫిబ్రవరి 17
తన కత్తి నా చేతిలో పెట్టాడు, ముత్తాత నాటిది. “ఇక నువ్వే. ఐయామ్ డన్.”
తీసుకున్నాను. సిగ్గులేకుండా థాంక్యూ కూడా చెప్పాను.

ఫిబ్రవరి 18
షాపు ముందు కార్‌లో కూర్చుని రాస్తున్నా. కత్తి ఒళ్ళో ఉంది. ఐ డిడ్ ఇట్ — మూడే ముక్కలు. దారంతా అవే అనుకుంటూ వచ్చా. డౌట్ అనకూడదు. అస్సలు అనకూడదు.
షాపు అద్దంలోంచి గోడ కనిపిస్తోంది. ముత్తాత కాగితం ఫ్రేమ్ లేదు. షాపు మూసేస్తున్నాడా... నా సంగతి తెలిసిపోయిందా...
నన్ను చూశాడు. తలుపు తీసి నిలబడ్డాడు, కోటు కూడా లేకుండా, ఈ చలిలో. తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాడు.