ఇంట్ల చెప్పి అచ్చినవా?

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. పొద్దున నీ ఫొటోకు దండ వేసి కాలేజీకి వచ్చాను. క్లాసులయ్యాక గేటు దగ్గర డ్యూటీ. చదువుతూ సంపాదించుకొమ్మని మరాఠీలో 'కమవా శికా' అనే పథకం కింద చదువుకునేవాళ్లకే ఇచ్చే పని ఇది. కాలేజీ వదలగానే సైకిళ్లన్నీ రోడ్డు మీది లారీలకు అడ్డం పోకుండా ఆపాలి. ఈల ఊది ఊది దవడలు లాగుతున్నాయి. కాళ్ల సంగతి చెప్పను. రైల్వే గేటు దగ్గర ఉద్యోగమంతా నిలబడ్డవాడివి, నీకు తెలుసు.

ఇవాళ ఫస్టియర్ కుర్రాడొకడు, లారీ వస్తుంటే ఈల విని కూడా ఆగలేదు. హ్యాండిల్ పట్టుకున్నాను.

"ఇడువక్కా, ధర్మాబాద్ బండి పోతది!"

తిట్టడానికి ఓపిక లేదు. దించిన గేటు కింద దూరేవాళ్లను నువ్వు అడిగే మాటే నోట్లోంచి వచ్చింది.

"ఇంట్ల చెప్పి అచ్చినవా?"

వాడు నా మొహం చూసి సైకిల్ దిగాడు. లారీ పోయేదాకా కదలలేదు.

"గిట్ల అడుగుడు ఎవలు నేర్పిన్రు అక్కా?"

"మా బాపు. రైల్వే గేట్‌మన్."

"ఇప్పుడేడ ఉన్నడు?"

"డ్యూటీల ఉన్నడు" అని, వాడు ఇంకోటి అడిగేలోపు ఈల నోట్లో పెట్టుకున్నాను.

నీ బిడ్డ