పెంటపాడు చేలో ఎగిరే కారు

బాబాయి గారూ,

ఈ ఉదయం పది గంటలకు మీరు డబ్బు కట్టిన ఎగిరే కారు పెంటపాడు వచ్చింది, మీ ఎడ్లబండి వెనక తాడు కట్టి లాగితే. మీరు పోయి ఏడాదైనా, అది దిగడానికని మీరు బీడు పెట్టిన చేను పిన్ని అలాగే ఉంచింది. ఇంజను మోగింది. కారు గట్టుదాకా పరిగెత్తి ఆగింది.

"గాలి చాల్లేదండీ," అన్నాడు కంపెనీ ఏజెంటు.

"గాలొస్తేనే ఎగిరేదైతే మా ఇంట్లో గాలిపటం ఉందండీ," అంది పిన్ని.

"వచ్చే ఏడు తప్పకుండా ఎగురుతుందండీ. చేను ఇలాగే ఉంచండి."

పిన్ని వెళ్లి చేలోకి కాలువ తూము తెరిచింది. చక్రాలు మునిగాక మీ ఎడ్లే కారును రోడ్డెక్కించాయి.

ఎగిరేటప్పుడు పెట్టుకోవాలని మీరు కొన్న కళ్లజోడును ఆవిడ తుడిచి పెట్టెలో పెట్టింది. రేపు ఆ ఎడ్లతోనే చేను దమ్ము చేయిస్తుంది. ఎల్లుండి ఊడ్పులు.