దేవదూతలు దున్నిన చెలక

కామారెడ్డి
4 జూన్ 2012

నేను దున్నిన చెలకను దేవదూతలు దున్నిండ్రని గుడిల అందరి ముందట చెప్పినవు మామ. ఉపదేశి స్వామిదాసువు, నీ నోటెంబడి వచ్చింది కాబట్టి ఎల్లారెడ్డి టౌను దాకా నమ్మిండ్రు. ఫోన్ చేస్తే ఎత్తుతలేవు. ఊర్ల మా పక్కింటి నాగవ్వ విత్తనాలకని ఇయ్యాల మా దుకాణానికి వచ్చింది. అందుకే రాసి ఆమె చేతికి ఇస్తున్న.

పునీత ఇసిదోరు పండుగ నాడు ఏమైందో నీకు ఎరుకే, అయినా రాస్త. మా అవ్వ, నీ అక్కనే గద, మక్క ఇత్తుల మూటకు ఫాదర్‌తోని దీవెన పెట్టిచ్చుకుందామని పొద్దుగాలనే గుడికి పోయింది. పూజ, ఊరేగింపు, బువ్వలు అయ్యేసరికి మధ్యాహ్నం దాటుతది. ఆ లోపట నేను సాయిలు దగ్గర ఎద్దులు అడిగి తెచ్చి అర ఎకరం దున్నిన. అవి ఒకప్పుడు మా ఎద్దులే. బాపు కాలం చేసిన ఏడాది అవ్వను అడగకుండ నేను సాయిలుకు అమ్మిన జత. అమ్మి, ఈడ విత్తనాల దుకాణంల హమాలీగ చేరిన. "ఇంక నా చెలకల కాలు పెట్టకు" అన్నది అవ్వ. రెండేండ్లు పెట్టలేదు.

కొవ్వొత్తులు మరిచి ఇంటికి ఉరుకుతున్న నువ్వు గట్టు మీద నన్ను చూసినవు. "అవ్వకు చెప్పకు మామ" అని నీ చెయ్యి పట్టుకున్న. నిజమే, ఆ మాట నాదే. చెప్పకు అన్న గని అబద్ధమాడుమన్ననా?

నువ్వేమో పండుగ తర్వాతి ఆదివారం నాడు ఇసిదోరు స్వరూపం ముందట నిలబడి, "ఇసిదోరు ప్రార్థన చేస్తుంటె దేవదూతలు ఆయన నాగలి పట్టిండ్రు, మా సాలవ్వక్కకు గూడ గట్లనే అయింది" అంటివి. నేను ఐదో తరగతిల బడి ఇడిసినోన్ని, సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుంట చదువు నేర్చుకున్న. నువ్విచ్చిన పునీతుల పుస్తకం నాలుగుసార్లు చదివిన. ఇసిదోరు పరాయోళ్ల భూమిల కూలి చేసినోడు. దేవదూతలు దున్నింది ఆయన ప్రార్థన చేసినంత సేపే. మిగిలిన పొద్దంత ఆయనే దున్నిండు. అది నువ్వు ఎన్నడన్న చెప్పినవా?

ఇప్పుడు చూడు. మొన్న పెద్దవాన పడ్డది. చుట్టూ అందరు మక్కలు పెడుతున్నరు. అవ్వ మాత్రం మూట ఒళ్లో పెట్టుకొని గుడి మెట్ల మీద కూసుంటున్నదట. "పదును ఆరిపోతది, ఇత్తవా?" అని నాగవ్వ అడిగితే "దున్నినోళ్లే వచ్చి ఇత్తుతరు" అన్నదట. శుక్రవారం మిరుగం కార్తె మొదలు. పదును పోతే ఈ ఏడు ఆమె ఏం తింటది? నేను పంపిన బియ్యం సంచి కట్టు గూడ ఇప్పకుండ వాపస్ పంపింది. ఈడ సంచులు మోసుకుంట నేను మబ్బు దిక్కే చూస్తున్న.

ఈ ఆదివారం అందరి ముందట నిజం చెప్పుమని రాద్దామనే కూసున్న. రాస్తుంటె నాగవ్వ ఇంకో మాట చెప్పింది. నువ్వు గుడిల చెప్పిన సాయంత్రం అవ్వ చెలకకు పోయి వంగి వంగి చూసిందట. ఆ జతల ఎడమ పక్క ఎద్దు వెనక కాలు ఈడుస్తది కదా, మలిపిన కాడల్లా దాని గీత ఉన్నది. "దేవదూతల ఎద్దు గూడ కుంటిదే నాగవ్వా" అని నవ్విందట.

ఆ ఎద్దును దూడప్పటి నుంచి సాదింది ఆమెనే మామ.

ఆమె మెట్ల మీద కూసున్నది నా కోసమేనేమో. కాకుంటె? ఒట్టిగనే నవ్వి ఉంటె? నేను పోయి కాలు పెడితే ఆ ఇత్తులు నా ముఖాన కొడితే? గీ భయంతోనే రెండేండ్లు గడిచినయి.

అందుకే నువ్వు గుడిల ఇంకేం చెప్పొద్దు. చెప్పింది చాలు. అవ్వను ఒక్కటే అడుగు: "ఇన్నయ్య కుంటెద్దును తోలుకొని ఇత్తనీకి వస్తడట, రానిస్తవా?" గీ మాటలే అడుగు, నీ కథలు కలపకు. ఆమె ఏమంటె అదే కాయితం మీద రాసి పంపు, తిట్టినా తిట్టు రాసి పంపు. నాగవ్వ శుక్రవారం మల్లొస్తది. మధ్యాహ్నం దాకా చూస్త. జవాబు రాకుంటె రమ్మన్నదనే అనుకుంట. శనివారం పొద్దుగాల ఎద్దులతోని చెలకల ఉంట.

నీ అక్క కొడుకు,
ఇన్నయ్య