పెద్ద ప్లీహం లేనివాళ్లు

టంజుంగ్ లామో,
సులవేసి.

అన్నయ్యా,

మన పిన్ని కొడుకు తమ్రిన్ కాళ్లు పడిపోవడానికి కారణం షావుకారు సకీర్. టైర్లకు గాలికొట్టే ఇంజను పడవలో పెట్టి, దాని గొట్టం సముద్రమే ఇల్లుగా బతికే మన బజావ్ కుర్రాళ్ల పళ్ల మధ్య ఇరికించి, పెద్ద రొయ్యల కోసం గంటల తరబడి అడుగున ఉంచుతున్నది అతనే. ఇప్పుడు నువ్వూ ఆ పడవే ఎక్కావు.

ఊళ్లో ఎవరూ సకీర్ పేరెత్తరు. "తమ్రిన్ ఆసుపత్రిలో పుట్టాడమ్మా, వాడి మావిని సముద్రంలో వదల్లేదు. మావే కదా నీళ్లలో కాపలా కాసే తోబుట్టువు, అది లేకపోతే ఇంతే మరి" అంటారు. నీ మావిని నీళ్ల మీద కట్టిన మన ఇంటి మెట్ల కిందే వదిలారని అమ్మ ధీమాగా నిద్రపోతోంది. నాకే నిద్ర లేదు.

ఇంకో సంగతి. డాక్టర్లు వచ్చి, మునిగేవాళ్ల పొట్టలు స్కాన్ చేశారు. మగవాళ్లనే పిలిచారు. నాకు ఒళ్లు మండి, వెళ్లి బల్ల మీద పడుకున్నాను.

"నువ్వు మునుగుతావా అమ్మాయ్?" అంది డాక్టరమ్మ.

"అంట్లగిన్నెల్లో మునుగుతుంటానండీ" అన్నాను. బయట ఆడవాళ్లు పకపకా నవ్వారు.

ఆవిడ తెర నావైపు తిప్పింది. నా ప్లీహం మన గజ ఈతగాళ్లదంత ఉంది. ఊపిరి బిగబట్టినప్పుడు దాచిన నెత్తురు ఒంట్లోకి వదిలేది అదేనట. ఒడ్డు జనానికి ఇంత ఉండదట. నన్ను ఒక్కనాడూ లోతుకు పోనివ్వలేదు కదా, అయినా సముద్రం నా పొట్టలో ఉంది. నిప్పు మీద వండుకోవడం మొదలెట్టాక మనిషి దవడ చిన్నదైందని డాక్టర్లు పంచిన కరపత్రంలో చదివాను. మరి గొట్టంతో ఊపిరి పీలిస్తే మన మునిమనవల ప్లీహం ఏమవుతుంది? తలుచుకుంటే కోపమూ వస్తుంది, తెలుసుకోవాలనీ ఉంటుంది. ఏదేమైనా, మీ పడవ రేవుకు రాగానే ఆ గొట్టం కోసి పారేస్తాను. ఇది ఖాయం.

నీ చెల్లెలు
నుర్లియా

అన్నయ్యా,

ఐసు పడవవాడు నీ జవాబు తెచ్చిచ్చాడు. "తాత మునిగేటప్పుడు పెట్టుకున్న చెక్క కళ్లద్దాలూ యంత్రమే, వాటిని ఎవరైనా విరగ్గొట్టారా? ప్లీహం పెద్దదని తెగ మురిసిపోతున్నావు. పెద్ద ప్లీహం లేనివాళ్లు ఏమయ్యారో నీ కరపత్రం చెప్పిందా తల్లీ?" అని రాశావు.

చెప్పలేదు. కాగితం తిరగేసి మరీ వెతికాను. ఆలోచిస్తే తెలిసింది, వాళ్లు నీళ్లలోంచి పైకి రాలేదు. వాళ్లకు పిల్లలు పుట్టలేదు. నేను గర్వపడ్డ దాని వెనక అంతమంది మునిగిపోయినవాళ్లు ఉన్నారని నాకు తట్టనే లేదు. ఇలాగే వదిలేస్తే ఎన్ని వేల ఏళ్లకో గొట్టానికి సరిపడే ఒళ్లు కూడా పుట్టొచ్చు. ఈలోగా ఎంతమంది తమ్రిన్‌లు కావాలి? ఒళ్లు నేర్చుకోవాలంటే మనుషులు పోవాలి. ఒకరు చెప్పి ఒకరు వింటే ఎవరూ పోనక్కర్లేదు. మనిషికి మాట వచ్చింది ఇందుకేనేమో.

తమ్రిన్ దగ్గరికి వెళ్లి, ఆ రోజు ఎలా పైకొచ్చావని అడిగాను.

"ఇన్నాళ్లకు అడిగావు. అందరూ నా పుట్టుక గురించే మాట్లాడారు గానీ, నేనెలా పైకొచ్చానో ఎవరూ అడగలేదు" అన్నాడు. చీకటి పడుతోందని సకీర్ గొట్టం పట్టి లాగాడట. లాగితే రావాలి కదా, ఒక్క ఉదుటున వచ్చేశాడట. గబుక్కున పైకొస్తే నెత్తురులో గాలి బుడగలు కడతాయనీ, మెల్లగా, ఆగి ఆగి వచ్చుంటే కాళ్లు నిలిచేవని డాక్టరమ్మ తర్వాత చెప్పిందట.

తప్పు గొట్టానిది కాదు, లాగినవాడిది. అందుకే గొట్టం కొయ్యను. అది విని అమ్మ, "అమ్మయ్య" అని, "మరి సకీర్‌నేం చేస్తావే?" అంది. ఆగి ఆగి పైకి రానిస్తానని అందరి ముందు ఒప్పుకునేదాకా అతని పడవ ఎవరూ ఎక్కకూడదన్నాను. ఆ రోజు జరిగింది తమ్రిన్ తన నోటితోనే చెబుతాడు. మీరు గురువారం రేవుకొస్తారు కదా. శుక్రవారం నమాజు అయ్యాక, మధ్యాహ్నం రెండు గంటలకు, తమ్రిన్ ఇంటి ముందు చెక్క వంతెన మీదికి నువ్వూ, నీతో మునిగేవాళ్లందరూ రండి.

నుర్లియా