ఎరుపు అవతలి వెలుతురు

జగిత్యాల,
ఏప్రిల్ 3.

బాపూ,

నీ క్రాంతి రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు సిరిసిల్లలో కరెంటు సాంచెల మగ్గాల మోతలో నిలబడి నీ చెవులు పోయాయి కనుక ఫోనులో చెప్పలేను. గట్టిగా అరిచి చెప్పే సంగతి కూడా కాదు ఇది. తీరిగ్గా కూర్చుని చదువు. మధ్యలో కోపం వస్తే చాయ్ తాగి మళ్ళీ మొదలుపెట్టు కానీ, సగంలో ఆపకు.

ముందు నా పని సంగతి. నేను ఆర్నెల్లుగా చేస్తున్నది మట్టినీ పంటలనూ పరీక్షించే ల్యాబులో అని నీకు తెలుసు కదా. ఇక్కడొక మిషిను ఉంది. మన అమ్మ కుట్టుమిషిను కన్నా చిన్నది. గిన్నెలో మట్టి పోసి దాని దీపం కింద పెడితే, మట్టి మీద పడి తిరిగొచ్చిన వెలుతురును కొలిచి కంప్యూటరు మీద ఒక గీత గీస్తుంది. ఆ గీత ఎక్కడ ఎంత కుంగిందో చూసి, మట్టిలో తడి ఎంత, బంకమన్ను ఎంత, కుళ్ళిన ఆకుల సత్తువ ఎంత అని మా మేడం చెబుతుంది. మందులు కలిపేది లేదు, కాచేది లేదు. వెలుతురు వెళ్ళి చూసి వచ్చి చెబుతుంది, అంతే. మొదటిసారి చూసిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను.

మొన్న కోరుట్ల నుంచి అంజయ్య అనే మామిడి రైతు ఇరవై కాయలు తెచ్చాడు. అన్నీ చూపుకు ఒక్క తీరుగానే ఉన్నాయి. ఒక్కటీ కోయకుండా, తొక్క మీద మిషిను ఆనించి, అన్నిటికన్నా తియ్యటిది ఏదో చెప్పాను. అంజయ్య దాన్ని కోసి తిని, ఇంకో ముక్క నా చేతిలో పెట్టాడు. "నలభై ఏండ్ల సంది తోటల ఉన్న. గీ కాయల గింత తీపున్నదని నాకే తెల్వలె" అన్నాడు. చిన్నప్పుడు ఎప్పుడు చెట్టెక్కినా పచ్చికాయలే తెంపి నీతో తిట్లు తిన్నది నేనే కదా బాపూ.

మా మేడం పేరు సంధ్యారాణి. ఒకరోజు ఆ గీత మీద ఎడమ చివర కొంచెం ముక్క చూపించి, "మన కండ్లకు కనవడేది గింతనే" అంది. ఏడు గజాల గుడ్డలో ఒక గజం అనుకో. మిగతా ఆరు గజాలూ ఎరుపు దాటిన తర్వాత ఉండే వెలుతురు. ఎండలో రోజూ మన మీద పడుతూనే ఉంటుంది, ఎవరికీ కనిపించదు. మేడంకు కనిపించదు, కలెక్టరుకు కనిపించదు, నీకూ కనిపించదు. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. కంట్లో నలక పడిందని చెప్పి బయటికి వెళ్ళాను. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

నాకు ఎరుపూ ఆకుపచ్చా వేరుగా కనిపించవు. పుట్టుకతోనే అంతట. రైల్వే ఉద్యోగం పోయింది నేను ఇంట్లో చెప్పినట్టు పరుగులో కాదు, కళ్ళ పరీక్షలో. పదకొండేళ్ళ కింద నువ్వు బువ్వకు పోయినప్పుడు నీ సాంచె మీద మెరూన్ కండెలకు బదులు ఆకుపచ్చ దారం కండెలు వేసి, ఇరవై మీటర్ల పెళ్ళిచీరల గుడ్డ పాడుచేశాను కదా. అది కావాలని చేసింది కాదు. ఆ పొద్దున కాలేజీ గురించి నీతో గొడవపడ్డాను కనుక నువ్వు అట్లా అనుకున్నావు. "కావాల్నని చేసినవా?" అని అడిగావు. "అవు, చేసిన" అన్నాను. నేతింట పుట్టి రంగు తెలియనివాడు అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనిపించింది. నువ్వు కొట్టావు. సాంచెల ఆసామి నిన్ను పనిలోంచి తీసేశాడు. అప్పటి నుంచి మన మధ్య "తిన్నవా", "పోతున్న" తప్ప మాటల్లేవు.

పోయిన నెల ఇంటికొచ్చినప్పుడు రెండు దారాలు తెచ్చుకున్నాను, ఒకటి మెరూన్, ఒకటి ఆకుపచ్చ. ఏది ఏదో చెల్లె రజితే చెప్పింది. నిన్న వాటిని మిషిను కింద పెట్టాను. మనుషులు చూసే ఆ ఒక్క గజంలో రెండు గీతలూ ఎడమొహం పెడమొహంగా పోయాయి. ఎరుపు దాటాక దగ్గరికొచ్చాయి. ఆ తర్వాత ఒకదాని మీద ఒకటి పడి చివరిదాకా దాదాపు ఒకే గీతగా పోయాయి. అక్కడ రంగు లేదు బాపూ. పత్తి ఉంది, పత్తిలో ఇంత తడి ఉంది. ఇంత పెద్ద లోకం మన చుట్టూ ఉందని, అందులో అందరం నాలాంటివాళ్ళమే అని నిన్న తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. మిషినుకు తనంతట తనకు ఏమీ తెలియదు, మనం నేర్పాలి. ఈ జిల్లాలోనే ఉన్న ఇబ్రహీంపట్నం పొలాల్లో తిరిగి, మట్టిని రంగుల పుస్తకం పక్కన పెట్టి పోల్చి, ఏ రంగో రాసుకు రమ్మని మేడం నన్ను పంపింది. నలభై రకాల మట్టి తెచ్చి, వాటి రంగులు ఊహించి రాశాను. మిషిను గీసే గీతలకూ నా రాతకూ పొంతన కుదరడం లేదు. మేడం నన్ను కాదు, మిషినునే అనుమానించింది. బాగుచేసే మనిషిని పదిహేనో తారీఖున హైదరాబాద్ నుంచి రమ్మంది. నేను నోరు మూసుకుంటే ఆ మిషిను నా తప్పులే నేర్చుకుంటుంది, రైతులు దాని మాట నమ్ముతారు. అందుకే పదిహేనుకు ముందే చెప్పేస్తాను. ఉద్యోగం ఉండకపోవచ్చు. ఆమెకన్నా ముందు నీకు చెప్పాలనుకున్నాను, ఎందుకంటే మొదటి అబద్ధం నీతోనే ఆడాను. ఉద్యోగం పోతే ఇంటికి రావచ్చునా? ఒక్క మాట రాయి.

నీ కొడుకు,
క్రాంతి

సిరిసిల్ల,
ఏప్రిల్ 9.

అన్నా,

బాపు రాయమంటే నేను, రజితను, రాస్తున్నాను. నీ ఉత్తరం రెండుసార్లు తనలో తానే చదువుకున్నాడు. మూడోసారి అమ్మకు చదివి వినిపించాడు. తన గొంతు తనకు వినపడదు కదా, వాడకట్టంతా విన్నది. కళ్ళ సంగతి దగ్గరికి రాగానే అమ్మ లేచి నిలబడింది. "మా నాయినకు గూడ గిట్లనే ఉండె" అంది.

గంభీరావుపేట తాత నీకు గుర్తుండడు. మగ్గం మీద బతుకంతా తెల్లధోతులే నేశాడు. దేవుడి మొక్కు అని ఊరందరికీ చెప్పేవాడట. ఆయనకు రంగులు తెలియవని అమ్మమ్మకు ఒక్కదానికే తెలుసు. అమ్మమ్మ పోయేముందు అమ్మకు చెప్పి, ఎవరితోనూ అననని ఒట్టు వేయించుకుందట. ఆ ఒట్టు అమ్మ ఇవాళ దాటింది. అది తల్లి ద్వారా కొడుకులకు వస్తుందని నేను ఫోనులో చూసి చెబితే, నా వల్లే అని అమ్మ ఒకటే ఏడుపు. అమ్మ చెప్పిందంతా బాపుకు ఫోనులో రాసి చూపించాను. అది చదివి బాపు నన్ను కాగితం తెమ్మన్నాడు. ఇక్కడి నుంచి మాటలు ఆయనవే.

"కొడుకా, మీ తాత నియమం తప్పని మనిషి అనుకొని పెండ్లినాడు ఆయన కాళ్ళు మొక్కిన. గవే కండ్లు నీకుంటె నిన్ను కొట్టిన. కావాల్నని చేసిన అన్నవు, నేను నమ్మిన. నువ్వు ఎన్నడు అబద్ధమాడెటోనివి కాదు, గందుకే పదకొండేండ్లు నమ్మిన.

గిప్పుడు ఇను. మేడంకు నువ్వొక్కనివే చెప్పకు. పదమూడు తారీఖు పొద్దుగాల బస్సుకు నేనస్తున్న. గా మట్లు పారబొయ్యకు. రంగుల పుస్తకం నా చేతికియ్యి. చెవులు పోయినయి గని రంగు కాడ నా కండ్లు ఇంక తప్పుపోలె. నేను సూసి చెప్త, నువ్వు రాయి. గట్ల చేస్తె నడుస్తదా అని మేడంను నేనే అడుగుత. ఒప్పుకుంటె మంచిదే. ఒప్పుకోకపోతె ఇద్దరం ఒక్క బస్సుల ఇంటికొద్దం."

బాపు
(రాసింది నీ చెల్లె రజిత)